రాయి దాకా చెప్పిన సుంకులమ్మ

మన తాతలకు తాతలు ఇంకా ఉయ్యాలలో ఊగుతున్న కాలంలో, నల్లమల కింద, ఎర్రవాగు ఒడ్డున, ఈతమాకులపల్లె అని ఒక చిన్న పల్లె ఉండేది. ఆ పల్లెలో సుంకులమ్మ చీపుళ్ళు కట్టి, సంతల్లో అమ్ముకుని బతికేది. మొగుడు జ్వరమొచ్చి పోయాడు. ఇంట్లో మిగిలింది ఆమె, మంచాన పడిన అత్త ఓబులమ్మ. అత్తకు కాళ్ళు పడిపోయాయి గానీ నోరు మాత్రం పడిపోలేదు.

ఆ సీమకు సువార్త చెప్పడానికి ముగ్గురు దొరలు వచ్చారు. గడ్డం దొరది అమెరికా. గొడుగు దొరది ఇంగ్లండు. గుర్రం దొరది జర్మనీ. ఒకరు బాప్తిస్మానికి నీళ్ళలో ముంచేవారు, ఒకరు నీళ్ళు చల్లేవారు, ఇంకొకరు పాట ఎంత పొడుగుండాలో ఇద్దరితోనూ వాదించేవారు. తగాదా లేకుండా ముగ్గురూ కూర్చుని హద్దులు పెట్టుకున్నారు. వాగుకు ఉత్తరం గడ్డం దొరది. దక్షిణం గొడుగు దొరది. పడమటి గుట్టల అవతల గుర్రం దొరది. ఒకరి హద్దులో ఇంకొకరు బోధించకూడదు. మాటంటే మాట.

పల్లె వాగుకు ఉత్తరాన ఉంది. గడ్డం దొర పంపిన ఉపదేశి యోనా సాయంత్రం పూట వచ్చి, ఓబులమ్మ అరుగు మీద కూర్చుని యేసు కథ కొంచెం కొంచెంగా చెప్పేవాడు. పశువుల కొట్టంలో పుట్టాడన్నాడు. ఆకలైనవాళ్ళకు రొట్టె పంచాడన్నాడు. ఆఖరికి ఒకనాడు, సిలువ వేసి చంపారనీ, సమాధిలో పెట్టి పెద్ద రాయి దొర్లించారనీ చెప్పి లేచాడు.

"మిగతాది రేపు" అన్నాడు.

ఆ రేపు రాలేదు. కొండల్లో వాన కురిసి వాగు పొంగింది. వరద తీశాక చూస్తే, వాగు పాత దారి వదిలేసి పల్లెకు ఉత్తరంగా పారుతోంది. పల్లె కదల్లేదు. వాగే కదిలింది. యోనా మళ్ళీ రాలేదు.

ఓబులమ్మ తిండి మానేసింది.

"అంత మంచి బిడ్డను రాయి కింద పెట్టి పోయినారా? ఆ తల్లి ఏమయిందే? తర్వాతేమయింది?"

"నాకేం తెలుసు అత్తా?"

"నీకేం తెలుసులే, చీపురుపుల్ల మొగందానా! పోయి కనుక్కో. నా కొడుకు కతా మట్టితోనే ఆగిపాయె, ఈ బిడ్డ కతా మట్టితోనే ఆగిపాయె. ఇట్లా సగంలో పెట్టుకోని నేను చావలేను."

సుంకులమ్మ చీపుళ్ళ మోపు నెత్తికెత్తుకుంది. వాగు దాటి గడ్డం దొర దగ్గరికి పోయింది.

"దొరా, రాయి పెట్టినారు. తర్వాతేమయింది?"

దొర గడ్డం నిమురుకున్నాడు. "అమ్మా, మీ పల్లె ఇప్పుడు వాగుకు దక్షిణం. గొడుగు దొరను అడుగు. నేను మాట ఇచ్చాను."

"పల్లె యాడికీ పోలేదు దొరా. వాగు పోయింది."

"నిజమే. కానీ హద్దు వాగే కదమ్మా."

సుంకులమ్మ మోపు ఎత్తుకుంది. గొడుగు దొర దగ్గరికి పోయింది.

"దొరా, రాయి పెట్టినారు. తర్వాతేమయింది?"

"మీరు మొదట విన్నది గడ్డం దొర మనిషి దగ్గర. ఆయన మందను నేను దొంగిలించానంటారు."

"నన్నెవరు దొంగిలిస్తారు దొరా? నా చీపుళ్ళనే ఎవరూ ఎత్తుకపోరు!"

దొర నవ్వాడు గానీ కథ చెప్పలేదు.

సుంకులమ్మ మోపు ఎత్తుకుంది. గుట్టలు దాటి గుర్రం దొర దగ్గరికి పోయింది. ఆయనా అంతే. "ఇద్దరి నడుమ నేను రాను" అన్నాడు. చెప్పలేకపోతున్నందుకు ఆయన ముఖం చిన్నబోయింది. అయినా చెప్పలేదు.

ఆయన గేటు ముందే సంత. సుంకులమ్మ మోపు దించి కూలబడింది. వట్టి చేతులతో అత్త ముందుకు ఎట్లా పోవడం? పక్కన కుండలమ్మే ఆమె అడిగింది, "ఏమ్మా, చీపుళ్ళు పోలేదని ఏడుస్తాండావా?" సుంకులమ్మ కథంతా చెప్పింది. పశువుల కొట్టం చెప్పింది. రొట్టె చెప్పింది. రాయి చెప్పింది. చెప్పేసరికి చుట్టూ బండ్లవాళ్ళు, ఉప్పు అమ్మేవాళ్ళు గుమిగూడారు.

"తర్వాతేమయింది?" అన్నారు.

"నాకు తెల్దు. లోపలున్న దొరకు తెలుసు. చెప్పడంట."

"చెప్పడా? ఎందుకు చెప్పడు?" అని సంతంతా గేటు మీద పడింది.

సుంకులమ్మ దారి తెలుసుకుంది. తిరుగుదారిలో గొడుగు దొర ఊరి సంతలో రాయి దాకా చెప్పింది. గడ్డం దొర ఊరి సంతలో రాయి దాకా చెప్పింది. మూడు ఊళ్ళలో మూడు గేట్ల ముందు ఒకటే కేక: "తర్వాతేమయింది?"

దొరలకు నిద్ర పట్టలేదు. జనానికి భయపడి కాదు. సముద్రాలు దాటి ఏం చెప్పడానికి వచ్చామో అదే చెప్పకుండా దాచామే అని.

ఎవరికీ చెప్పకుండా ఎవరికివారు బయలుదేరారు. ముగ్గురూ ఓబులమ్మ గుమ్మం ముందు ఎదురుపడ్డారు.

"మీరు చెప్పండి" అన్నాడు గడ్డం దొర.

"లేదు, మీరు మొదలుపెట్టారు, మీరే చెప్పండి" అన్నాడు గొడుగు దొర.

మంచం మీంచి ముసలమ్మ గొంతు వచ్చింది. "ఏమే సుంకీ, వీళ్ళ ముగ్గురికీ తెల్దా ఏంది?"

దొరలు సిగ్గుపడి నేల మీద చతికిలబడ్డారు. ఆడవాళ్ళు తెల్లవారుజామున సమాధికి పోవడం గడ్డం దొర చెప్పాడు. రాయి దొర్లిపోయి ఉండడం, ఆయన లేవడం గొడుగు దొర చెప్పాడు. ఓబులమ్మ కళ్ళు తుడుచుకుంది.

"లేచినాడా! మరి ఆ తల్లి?"

గుర్రం దొరకు తెలుగు సరిగ్గా రాదు. మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. "తల్లి... ఒంటరి కాదు. అందరితో, మేడగదిలో, కలిసి ప్రార్థన."

"కోడలుందా ఆమెకు?"

"లేదు అమ్మా."

"అయ్యో పాపం" అంది ఓబులమ్మ. సుంకులమ్మ చెయ్యి పట్టుకుంది. "నాకుండాది" అంది.

ఆ పూట ఆమె గిన్నెడు సంగటి తిన్నది. ఆ చలికాలంలోనే నెమ్మదిగా కన్నుమూసింది. ముగ్గురు దొరలూ వచ్చి మట్టి వేశారు.

దొరలు ఆ సంగతి తమ తమ దేశాలకు రాసి పంపారట. చాలా ఏళ్ళకు, అన్ని దేశాల మిషన్లవాళ్ళు ఒకచోట కూడినప్పుడు ఒక ముసలి దొర లేచి, "ఎవరి హద్దు ఎంతవరకు అని కాదు, ఏ పల్లె సగం కథ దగ్గర ఆగిపోయింది అని ముందు అడగండి" అన్నాడట. సుంకులమ్మకు ఆ సభ సంగతి తెలియదు. ఆమె చీపుళ్ళు అమ్ముకుంటూ, సంత సంతలో రాయి దాకా చెప్పేది. చివర తెలిసినా చెప్పేది కాదు. "మిగతాది మీ ఊర్లో ఎవరుంటే వాళ్ళనడుగు పో" అనేది.

ఇప్పటికీ ఆ ఊళ్ళలో, పునరుత్థాన పండుగ తెల్లవారుజామున, మూడు సంఘాలవాళ్ళూ సమాధుల దగ్గర కూడుతారు. ఒక సంఘం పాదిరి రాయి దాకా చెప్పి కూర్చుంటాడు. మిగతాది ఇంకో సంఘం పాదిరే చెప్పాలి. ఒక ఏడు ఆ రెండో పాదిరికి దారిలో బండి ఇరుసు విరిగింది. మొదటి పాదిరికి మిగతా కథ రాదా? వచ్చు. అయినా లేవలేదు. పొద్దెక్కింది, పిల్లలు ఆకలికి ఏడ్చారు, ఎవరూ కదల్లేదు. చివరికి రెండో పాదిరి మోకాళ్ళ దాకా బురదతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆలస్యమెందుకని ఒక్కరూ అడగలేదు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, అందరూ ఒక్కసారిగా అడిగారు:

"తర్వాతేమయింది?"