నూకరత్నం పాలు

అనగనగా సముద్రపొడ్డున, ఉప్పుమళ్ళ పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ. ఆవిడకి లేకలేక ఆడపిల్ల పుట్టింది. ఇంకా పాకడం కూడా రాని చంటిది.

ఆ ఏడు తుఫానుకి మంచినీళ్ళ బావిలో బురదనీరు కలిసింది. ముందు పక్కింటాయన మంచమెక్కాడు. తర్వాత ఎదురింటి పిల్లాడికి విరేచనాలు. ఆ తర్వాత నూకరత్నానికే పట్టుకున్నాయి. కడుపులో మెలిపెట్టే నొప్పి, లేస్తే కాళ్ళు నిలవవు.

అప్పుడు అత్తగారు అప్పలనరసమ్మ చంటిదాన్ని లాక్కుంది. "ఒలే, నీ రోగం పాలల్లోకి దిగిపోద్ది. దీనికి మేకపాలు పడతాను," అంది. అత్త చెడ్డది కాదు అమ్మలూ, భయపడిందంతే. చంటిదేమో గుక్కపెట్టి ఏడుస్తోంది. నూకరత్నానికి రొమ్ములు సలుపుతున్నాయి. కానీ నిజంగానే తన పాలే విషమైతే? ఆ మాట తలుచుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

అప్పుడు ఆస్పత్రి నుంచి సరోజిని నర్సమ్మ ఓఆర్ఎస్ పొట్లాలు పట్టుకుని వచ్చింది. సంగతి విని, చంటిదాన్ని తెచ్చి తల్లి పక్కన పడుకోబెట్టింది.

"క్రిమి నీ పేగుల్లో ఉంది, పాలల్లో లేదు," అంది. "పేగు గోడలో కాపలా కణాలుంటాయి. ఒకటి ఆ క్రిమి ముక్కని పట్టుకుని ఇంకోదానికి చూపిస్తుంది. అది ఆనవాలు పట్టి మూడోదాన్ని పనిలోకి దింపుతుంది. ఆ మూడోది సరిగ్గా ఆ క్రిమినే పట్టే యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఏ ఒక్కదానివల్లా అయ్యే పని కాదు. అలా తయారుచేసే కణాలు కొన్ని నెత్తుట్లో పడి రొమ్ముకి చేరతాయి. అక్కణ్ణుంచి యాంటీబాడీలు పాలల్లోకి, పాలతో పిల్ల కడుపులోకి. క్రిమిని పేగుకి అంటుకోనివ్వవు."

"ఇంత జబ్బుతో కూడానా నర్సమ్మా?"

"ఇప్పుడే మరీను! సబ్బుతో చేతులు కడుక్కో, కాచి చల్లార్చిన నీళ్ళల్లో ఈ పొట్లం కలుపుకుని తాగు, పిల్లకి పాలియ్యి."

నూకరత్నం అత్త వైపు చూసింది. అప్పుడు నూకరత్నం చేతులు కడుక్కుని పిల్లని దగ్గరికి తీసుకుంది.

ఆ తర్వాత చంటిదానికీ కాస్త విరేచనాలయ్యాయి. అత్త ముఖం మాడిపోయింది. అయినా నూకరత్నం పాలు మానలేదు. నర్సమ్మ రోజూ వచ్చి చూసి, "పాలే దీన్ని తేలిగ్గా దాటిస్తున్నాయి," అంది. పిల్ల నీరసపడలేదు, కళ్ళు లోపలికి పోలేదు. మెల్లగా తేరుకుంది. తల్లీ తేరుకుంది.

కొన్నాళ్ళకి వీధి చివర ఒక బాలింత జబ్బుపడి, కొడుకుని దూరం పెట్టిందని తెలిసింది. అప్పలనరసమ్మ నర్సమ్మ కోసం ఆగలేదు. తనే గబగబా వెళ్ళి పిల్లాణ్ణి తల్లి ఒళ్ళో పెట్టింది.

"పాలియ్యవే తల్లీ. నీ కడుపులో కణాలు పని మీదున్నాయి," అంది.

కథేమో కంచి దారి పట్టింది,
కళ్ళకేమో కునుకు పట్టింది.