కొర్లయ్య గురుతు

అప్పలాచారి గారిని ఏదైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వేసుకుంటారు. జవాబు తన నోట్లో ఉండదని, బయట ఎక్కడో ఉంటుందని ఆయన నమ్మకం. పాత శిష్యులకు ఇది అలవాటైపోయింది. కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం, ఇంత బాధ చెప్పుకుంటే ఈ పెద్దాయన షికారుకు బయల్దేరాడేమిటని నొచ్చుకుంటారు.

ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భీమిలికి పైన, మెరకపేట అనే జాలరి ఊళ్లో, రెండు గదుల పెంకుటింట్లో ఉంటారు. ఆ ఇంటిని ఆశ్రమం అన్నారంటే కోప్పడతారు. అయినా గురువుగారూ గురువుగారూ అంటూ వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్లకు గ్లాసుడు మజ్జిగ దొరుకుతుంది, చెప్పుకున్నంతసేపు వినే మనిషీ దొరుకుతాడు. ఈ రోజుల్లో రెండోది దొరకడమే కష్టం.

ఆ వేసవిలో ఒక పొద్దున తవిటినాయుడు వచ్చాడు. చీపురుపల్లి బళ్లో ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడు, ఇప్పుడు ముప్ఫైకి దగ్గరపడ్డాడు. ఇంజనీరింగు చదివాడు. హైదరాబాదులో ఒక కాంట్రాక్టు ఉద్యోగం, అది పోతే ఇంకోటి, మధ్యలో సర్కారు కొలువుకని కోచింగు, తీరా చదివాక పరీక్ష వాయిదా, మళ్లీ కోచింగు. ఈ తిరుగుడులో జుట్టు పలచబడింది, మొహం పీక్కుపోయింది. అరుగు మీద కూలబడ్డ తీరు చూస్తే, బస్సులో వచ్చినట్టు లేదు, బస్సునే మోసుకొచ్చినట్టుంది.

మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టకుండానే అడిగాడు.

"నాలో లోపం ఎక్కడుందో చెప్పండి గురువుగారూ. మా నాన్న చెయ్యమన్నవన్నీ చేశాను. చదువుకోమన్నాడు, చదువుకున్నాను. ఒళ్లు దాచుకోవద్దన్నాడు, దాచుకోలేదు. ఆయనకి డిగ్రీ చేతికొచ్చిన ఏడాదే కరెంటాఫీసులో ఉద్యోగమొచ్చింది. నా వయసుకి ఆయనకి ఇల్లుంది, మేమిద్దరం పుట్టేశాం. నాకేముంది? ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, 'నువ్వు మనసు పెట్టట్లేదురా' అని. వినీ వినీ, నిజమేనేమో అనిపిస్తోందండి."

అబ్బ, ఆ మాట ఎన్ని ఇళ్లల్లోంచి ఎన్ని ఫోన్లకు వెళుతోందో! అవతలివాడు భోజనం చేశాడో లేదో అడగడం మరిచిపోతారు గాని, ఆ మాట మాత్రం మరిచిపోరు.

తవిటినాయుడు గ్లాసు కింద పెట్టి, అసలు సంగతి అప్పుడు చెప్పాడు. హిమజ అని, కోచింగులో పరిచయమైన అమ్మాయి. వీడికి ఒక ఉద్యోగం స్థిరపడితే ఇంట్లో చెబుదామని, వచ్చిన సంబంధమల్లా వంకలు పెట్టి తిప్పికొడుతోంది. ఇప్పుడు వాళ్లింట్లో ఓపిక అయిపోయింది. ఈ ఆదివారం ఎవరో చూడ్డానికి వస్తున్నారు.

"సాయంత్రం ఫోన్ చేసి, నాకోసం ఆగొద్దని చెప్పేద్దామనుకుంటున్నాను. చేతకానివాడి కోసం ఆ పిల్ల జీవితం ఎందుకు పాడవ్వాలి? చెప్పేముందు మిమ్మల్ని ఒకసారి చూసి..." అన్నాడు.

అప్పలాచారి గారు చెప్పులు వేసుకున్నారు.

ఇద్దరూ ఒడ్డుకు వచ్చేసరికి అక్కడ కేకలు వినబడుతున్నాయి. కొర్లయ్య అనే ముసలి జాలరి తిరగేసిన పడవకు ఆనుకుని కూర్చుని, కొడుకు ఎల్లాజీని నిలబెట్టి కడిగేస్తున్నాడు. ఎల్లాజీ గేలపు తాళ్లు చుట్టుకుంటూనే ఉన్నాడు. వాడిదీ ఇంచుమించు తవిటినాయుడి వయసే.

"సూడండి గురూగారూ, మళ్లీ ఒట్టి సేతుల్తో వొచ్చాడు! నా ఈడులో తెరసాప పడవేసుకుని ఎల్తే గంప నిండకుండా తిరిగొచ్చినానా? ఈడికి ఇంజనుంది, పైబరు పడవుంది, అన్నీ ఉన్నాయి. మనసే లేదు. పడవమ్మేసి సెన్నై పోతాడంట, ఎవుడి బోటులోనో కూలికి!"

మనసే లేదు అన్న మాట దగ్గర తవిటినాయుడు తలెత్తి ఎల్లాజీ వైపు చూశాడు.

ఆ ఊరి పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. సముద్రంలో అడుగున రాళ్ల గుట్ట ఉన్నచోట చేప చేరుతుంది. పైనుంచి చూస్తే అంతా ఒకటే నీరు, మరి ఆ చోటు తెలిసేదెలా? ఒడ్డు మీద గురుతులు పెట్టుకుంటారు. ఒక పక్క ఊరి నీళ్ల ట్యాంకు సరిగ్గా కొండ నొక్కులో నిలబడినట్టు కనబడాలి, ఇంకో పక్క చర్చి శిలువ తాటితోపు అంచుకు తగలాలి. రెండూ కుదిరినచోట పడవ ఆపితే కింద రాయి ఉన్నట్టే. ఇది కొర్లయ్య గురుతు. ఏ ఇంటి గురుతు ఆ ఇంటిదే. తండ్రి కొడుకు చెవిలో చెబుతాడు, కొడుకు కట్టుకున్నదానిక్కూడా చెప్పడు. ఇంకొకణ్ణి అడగడమంటే తండ్రి కష్టాన్ని బజారులో పెట్టినట్టే లెక్క.

"కొర్లయ్యా, నువ్వు నీటి మీదికెళ్లి ఎన్నాళ్లయింది?" అని అడిగారు అప్పలాచారి గారు.

"తుంటి విరిగినప్పట్నించి ఎక్కడెల్తాను బావూ? ఈడు అప్పుడు బడికెల్తున్నాడు."

"అయితే ఇవాళ ఎక్కు. మేమూ వస్తాం."

కొర్లయ్య ససేమిరా అన్నాడు. తుంటి అన్నాడు, ఎండ అన్నాడు, ఊరు నవ్వుద్దన్నాడు. చివరికి ఎల్లాజీ తండ్రిని చంటిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి పడవలో కూర్చోబెట్టాడు. అలలు దాటేలోగా తవిటినాయుడు తాగిన మజ్జిగంతా సముద్రానికి సమర్పించుకుని, పడవ అంచు పట్టుకుని వాలిపోయాడు. కొర్లయ్యకు మాత్రం నీటి గాలి తగిలేసరికి పదేళ్ల వయసు తగ్గింది. వెన్ను నిటారుగా పెట్టి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఒడ్డు చూస్తూ, ఎడంకి తిప్పు, ఇంకొంచెం లోపలికి పోనీ అంటూ పడవ నడిపించాడు. ట్యాంకు మెల్లగా జరిగి కొండ నొక్కులోకి వచ్చింది. శిలువ తాటితోపును తాకింది.

"ఆపు! ఇదే. ఇక్కడే గదరా నాను సెప్పింది? నువ్వెక్కడ ఆపుతున్నావు రోజూ?"

"ఇక్కడేనయ్యా," అన్నాడు ఎల్లాజీ.

"ఇక్కడే ఆపితే సేపెందుకు పడదు?" అని కసిరి, ముసలాయన గేలపు తాడు తనే లాక్కుని సీసం గుండు నీళ్లలోకి వదిలాడు. తాడు వేళ్ల మీదుగా జారి జారి ఆగింది. కిందికీ పైకీ కొంచెం ఆడించాడు. రాయి మీద పడిన గుండు వేలికి టక్కుమని చెబుతుంది. ఈసారి చెప్పలేదు. మొహం చిట్లించి పైకి లాగి చూస్తే, గుండుకు నల్లటి బురద అంటుకుని ఉంది.

కొంచెం పక్కన వేశాడు, అక్కడా బురదే. ఆ పక్కన వేసినా బురదే.

"రాయెక్కడికి పోద్ది?" అని గొణుక్కున్నాడు. ఒడ్డు వైపు మళ్లీ చూశాడు, ఈసారి చాలాసేపు. చూసీ చూసీ, అడ్డం పెట్టుకున్న చెయ్యి కిందికి దించేశాడు.

"ఎల్లాజీ, ఆ ట్యాంకు..."

"ఆఁ, ట్యాంకే."

"అది పాత ట్యాంకు కాదు గదరా."

పెద్ద తుపానుకి పాత ట్యాంకు కూలిపోయింది, పంచాయతీవాళ్లు కొత్తది బడి అవతల కట్టారు. ఊళ్లో ఎవరికి తెలియదు ఈ సంగతి? కొర్లయ్య మంచం మీద కూర్చుని చూస్తుండగానే కట్టారు. దానికి ఇసుక తట్టలు మోసినవాళ్లలో, అప్పటికింకా పడవెక్కని ఎల్లాజీ కూడా ఉన్నాడు. అయినా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ముసలాయనకి మనసులో పాత ట్యాంకే నిలబడి ఉంది. కుర్రవాడికి ట్యాంకంటే కంటికి కనబడేదే. ట్యాంకు జరిగితే నీటి మీద గురుతూ జరిగిపోతుందని ఆలోచించవలసిన అవసరం, ఒడ్డున కూర్చున్నవాడికి రాలేదు. నీటి మీదున్నవాడు తండ్రి మాట తప్పయి ఉంటుందని అనుకోలేదు.

ఎల్లాజీకి ముందు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాడు.

"నా సెయ్యే మంచిది కాదనుకున్నానయ్యా. అమ్మ దిష్టి తీయించింది, కొండమీదికెళ్లి గుండు కొట్టించుకొచ్చాను. ఊళ్లో ఎవుడూ నన్ను పడవలోకి పిలవడు, నానొస్తే సేప పడదంట. నీ కోడలు కూడా అదే అంటాది. నానూ అదే అనుకున్నానయ్యా, ఇన్నేళ్లూ."

కొర్లయ్య ఓదార్చలేదు. ఆ తరం వాళ్లకు అది చేతకాదు. తడి కళ్ల నెపం ఉప్పుగాలి మీదికి నెట్టేసి, "ఇంజనెయ్యి," అన్నాడు. పాత ట్యాంకు ఎక్కడుండేదో తలుచుకుంటూ అటు పొమ్మన్నాడు, ఇటు పొమ్మన్నాడు. తలుచుకున్నకొద్దీ ఒక్కోసారి ఒక్కోలా తోచింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా తిరిగారు. రాయి దొరకలేదు. కూరకైనా చాలని చిల్లర చేపలు నాలుగు పడ్డాయి, అంతే. తవిటినాయుడు ఆ బురద గుండు వైపే చూస్తూ కూర్చున్నాడు. అలసట తప్ప మరే భావమూ లేని మొహాలతో నలుగురూ వెనక్కి తిరిగారు.

ఒడ్డున వలలు ఆరబెట్టుకుంటున్న వాళ్లలో ఒకడు మామూలు ధోరణిలోనే వెక్కిరించాడు. "ఏరా ఎల్లాజీ, ముసిలోణ్ణి తీసుకెల్లినా నీ సెయ్యి మారలేదేట్రా?"

ఎల్లాజీ తల దించుకున్నాడు, అలవాటు కొద్దీ. కొర్లయ్య మాత్రం కొడుకు భుజం పట్టుకుని పడవలోంచి దిగి, అందరికీ వినబడేటట్టు అన్నాడు.

"ఆడు సరిగ్గానే ఎల్లాడ్రా. నాను సెప్పిన సోటే తప్పు."

ఒడ్డున నవ్వులు ఆగిపోయాయి. ఎల్లాజీ తండ్రి వైపు చూసిన చూపు తవిటినాయుడి గుండెలో గుచ్చుకుంది. అసూయగా కూడా అనిపించింది వాడికి, దాచడం ఎందుకు?

తిరిగి ఇంటికి నడుస్తుండగా వాడు అడిగాడు. "మరి ఆ రాళ్లు ఎక్కడున్నాయండి ఇప్పుడు?"

"ఉన్నచోటే ఉంటాయి. ఎక్కడినుంచి చూసుకుని వెళ్లాలో తండ్రికీ తెలీదు, కొడుక్కీ తెలీదు. వెతుక్కుంటారు. దొరకొచ్చు, దొరక్కపోవచ్చు."

ఇది వినడానికి ఏమంత ఊరటగా లేదు. తవిటినాయుడు చెప్పుల్లో ఇసుక దులుపుకుని, "మా నాన్న మాత్రం జన్మలో అలా అనడండి," అన్నాడు.

"హైదరాబాదులో నువ్వుండే గది ఆయన చూశాడా?"

వాడు ఆగిపోయాడు. "లేదండి. రెండుసార్లు వస్తానన్నాడు. నేనే ఏదో ఒకటి చెప్పి ఆపేశాను. పండక్కి నేనే వెళ్లొస్తుంటాను, మంచి చొక్కా వేసుకుని. ఆయన వచ్చి ఆ గది చూస్తే... సిగ్గేసిందండి."

"సాయంత్రం ఫోన్ చేస్తానన్నావు కదా. చెయ్యి. ముందు మీ నాన్నకి చేసి, ఆదివారం లోపల నీ గదికి రమ్మను."

"మరి హిమజకి?"

"ఆ పిల్లకి ఏం చెప్పాలో, ఆయన ఒక రాత్రి ఆ గదిలో ఉన్నాక తండ్రీకొడుకులిద్దరూ కలిసి ఆలోచించండి."

తవిటినాయుడికి కళ్లు చెమర్చాయి. కోపమో, భయమో, ఏదో తెలియని ఆశో, వాడికే తెలియలేదు.

"నలుగురం ఉంటామండి ఆ గదిలో. ఒకడు లేస్తేగాని ఇంకొకడు కాళ్లు చాపుకోలేడు. నాన్నని ఎక్కడ పడుకోబెట్టను?"

"ఆ గది గుమ్మంలో నిలబడి ఆ మాట ఆయన్నే అడగనియ్యి నాయనా," అన్నారు అప్పలాచారి గారు.