రెండు కుంచాలు

ఒక రాజుకు వెయ్యి దాటిన సంఖ్య కనిపించేది కాదు. వినిపించేది, అంతే. లక్ష అన్నా, కోటి అన్నా ఆయన ఒకేలా తల ఊపేవాడు. ఇది ఆయన ఒక్కడి లోపం కాదు, సభలో అందరికీ ఉన్నదే. రాజు మాత్రం దాన్ని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, సంఖ్యలు చూపించడానికి ఒక మనిషిని కొలువులో పెట్టుకున్నాడు.

సంఖ్యలు చూపేవాడు తన పనిలో గట్టివాడు. మనిషి రోజుకు ఇరవై ఒక్క వేల ఆరు వందల సార్లు ఊపిరి తీస్తాడన్నది అతని కొలబద్ద.

"లక్ష అంటే నాలుగున్నర రోజుల ఊపిరి, ప్రభూ. కోటి అంటే పదిహేను నెలల ఊపిరి. నూరు కోట్లు పూర్తి చేయాలంటే నూట ఇరవై ఏళ్ళు దాటి బతకాలి."

రాజు కాసేపు ఊపిరి బిగబట్టి, "ఇప్పుడు ఒకటి తగ్గిందా?" అని అడిగాడు. సభ పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుతో పాటే సంఖ్యలు చూపేవాడి పేరూ ఊరంతా పాకింది.

ఆ సంవత్సరం దక్షిణ సీమలో వానలు ముఖం చాటేశాయి. చివరికి పడ్డాయి గాని, బాగా ఆలస్యంగా పడ్డాయి. అప్పుడు వేసిన జొన్న ఇంకా చేలోనే ఉంది. మనుషులు అన్నాళ్ళు ఆగలేకపోయారు.

ఆ సీమలో అన్నిటికన్నా చివర ఉన్న ఊరి నుంచి ఒక స్త్రీ ఐదు రోజులు నడిచి రాజధానికి వచ్చింది. ఇంటిల్లిపాదిలో ఆమెకు మిగిలింది పైడితల్లి అనే చెల్లెలు ఒక్కతే. చెల్లెలు మంచం మీంచి లేవలేకపోతోంది. ఆమెను పక్కింటి ముసలమ్మకు అప్పగించి, "రాజుగారి ధాన్యం కొట్లు తెరిపించుకుని వస్తాను, అప్పటిదాకా ఉండు," అని చెప్పి బయలుదేరింది. ఉంటానని చెల్లెలు తల ఊపింది.

సభలో మంత్రి లెక్క చదివాడు. "దక్షిణాన పోయినవాళ్ళు మూడు లక్షల ఇరవై వేలు, ప్రభూ."

"విన్నాను. కనిపించడం లేదు," అన్నాడు రాజు. ఆయన అబద్ధమాడలేదు.

ఆ స్త్రీ చేతులు జోడించింది. "మహాప్రభూ, ఉన్నవాళ్ళం ఆరు లక్షలమండీ. తమ కొట్లలో పన్నెండు వేల పుట్ల బియ్యం ఉందంటారు. మనిషికి రోజుకో సోల పోస్తే పాతిక రోజులు వస్తుంది. ఇరవై రోజుల్లో జొన్న చేతికొస్తుంది. మా ఊళ్ళో చదువుకున్నాయన లెక్క కట్టి చెప్పాడండి. ఆయన కూడా పోయాడు."

"ముందు పోయినవాళ్ళను చూడనీ అమ్మా. ఉన్నవాళ్ళ సంగతి తరవాత," అన్నాడు రాజు, సంఖ్యలు చూపేవాడి వైపు తిరిగి.

సంఖ్యలు చూపేవాడు బియ్యం అడిగాడు. గింజలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, దగ్గర్లో దొరుకుతాయి. అంతకు మించి అతనికి వేరే ఆలోచన లేదు. ఒక సోలలో ఎన్ని గింజలు పడతాయో అతను ఎప్పుడో తీరిగ్గా లెక్కపెట్టి ఉంచుకున్నాడు: పదివేలు. కుంచానికి పదహారు సోలలు.

"మనిషికొక గింజ, ప్రభూ. సరిగ్గా రెండు కుంచాలవుతాయి."

కొట్ల అధికారి కుంచమూ, కర్రా, బియ్యపు బస్తా తెప్పించాడు. రాజుగారి కొట్ల దగ్గర తరతరాల పద్ధతి ఒకటి ఉంది. లోపలికి వచ్చే గింజను గోపురంలా పొంగేట్టు పోసి కొలుస్తారు. బయటికి వెళ్ళేదాన్ని కుంచం అంచు మీదుగా కర్ర లాగి, సమం చేసి కొలుస్తారు. ఇంకొక పద్ధతి ఊరూరా ఉన్నదే. మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. శుభమని అలా అంటారు. దాని తరవాతది రెండు.

ఆ స్త్రీ బియ్యాన్ని చూసి నాలుగు నెలలైంది. బస్తా మూతి విప్పగానే ఆమె చెయ్యి తనంతట తాను లేచింది.

"ఏమ్మా, పొయ్యి కూడా వెంట తెచ్చుకున్నావా?" అన్నాడు కొట్ల అధికారి. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆమె చెయ్యి దించుకుంది.

అతను కుంచం నింపి, కర్ర లాగి, తెల్లటి గుడ్డ మీద పోశాడు.

"లాభం."

మళ్ళీ నింపాడు, మళ్ళీ కర్ర లాగాడు.

"రెండు. అయిపోయింది."

ఆ స్త్రీ నేల మీద పడ్డ గింజలను చూపించింది. "కర్రతో అవతలికి నెట్టేశారు. వాళ్ళెవరు బాబూ?"

"గింజలమ్మా. సమం చేయకపోతే అది కొలతే కాదు." అతను పక్కన పడ్డవాటిని అరచేత్తో ఊడ్చి తిరిగి బస్తాలో పోసుకున్నాడు.

రాజు సింహాసనం దిగి వచ్చి గుడ్డ చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి చూశాడు. ఆయన ముఖం తేటపడింది.

"ఇంతేనా? మంత్రీ, నన్ను ఊరికే హడలగొట్టావు గదయ్యా. మా వంటశాలలో కాకులకే ఇంతకన్నా ఎక్కువ వేస్తారు."

"అవి బియ్యమండీ, మనుషులు కారు," అంది ఆ స్త్రీ. "పేర్లు చదివించండి. ఊపిరికో పేరు. అప్పుడు తమకు కనిపిస్తారు."

రాజు సంఖ్యలు చూపేవాడి వైపు చూశాడు. అతను కళ్ళు మూసి తెరిచేలోగా లెక్క కట్టాడు. "పదిహేను పగళ్ళు, పదిహేను రాత్రులు, ప్రభూ. మధ్యలో ఆపకపోతే."

"అన్నాళ్ళు ఎవరు వింటారు?"

"మేం విన్నాం," అంది ఆమె.

వింజామర వీచేవాడి చెయ్యి ఆగింది. రాజు తన వైపు చూశాక అతను మళ్ళీ వీచాడు.

రాజు కోపగించుకోలేదు. ఆయన ఆలోచిస్తున్నాడు. వేళ్ళు మడుస్తున్నాడు. "ఆగండి, ఎవరూ చెప్పకండి. ఉన్నవాళ్ళు ఆరు లక్షలు. సోలకు పదివేలు. అరవై సోలలు. కుంచానికి పదహారు..." చెయ్యి పైకెత్తాడు. "నాలుగు కుంచాల లోపే! ఆరు లక్షల మందీ నాలుగు కుంచాల్లో సరిపోతారు!"

సభ చప్పట్లతో మోగిపోయింది. రాజు లక్షలను కళ్ళారా చూడడం అదే మొదటిసారి. సంతోషంలో ఆయన చెయ్యి ధారాళమైంది.

"నాలుగూ పంపండి. తలకొక గింజ. మిగిలితే మిగలనీ, వెనక్కి అడగొద్దు. దీనికోసం కొట్లన్నీ తెరవడమెందుకు?"

సంఖ్యలు చూపేవాడు నోరు తెరిచాడు. గింజ గుర్తు మాత్రమేనని, ఆకలి తీర్చేది సోల అని, ఈ రెండింటినీ కలపకూడదని చెప్పడానికి తెరిచాడు. సరిగ్గా అప్పుడే రాజు తన కంకణం తీసి అతని చేతికి తొడిగాడు. "ఇన్నాళ్ళకు నాకు చూపించావయ్యా!" అన్నాడు. కంకణం కొంచెం వదులైంది. జారిపోకుండా దాన్ని సరిచేసుకునేసరికి సభ ముగిసింది.

నాలుగు కుంచాల బియ్యం బండికెక్కింది. బండికి గొడుగు కట్టారు. ముందు డప్పు, వెనక ఇద్దరు భటులు, పంచడానికి ఒక లేఖకుడు. పంపకం సరిగా జరిగిందని చూసి రమ్మని సంఖ్యలు చూపేవాడినీ పంపారు. ఆ స్త్రీ బండి పక్కన నడిచింది.

నాలుగో రోజుకు దక్షిణ సీమ మొదలైంది. మొదటి ఊళ్ళో జనం వరసగా చేతులు చాపి కూర్చున్నారు. లేఖకుడు ఆజ్ఞాపత్రం చదివి, ఒక్కొక్క అరచేతిలో ఒక్కొక్క గింజ వేసుకుంటూ వెళ్ళాడు. నిజాయితీపరుడు. ఎవరికీ రెండు వేయలేదు, ఎవరికీ ఎగ్గొట్టలేదు.

ఒక ముసలాయన గింజను ఎండకు ఎత్తి చూశాడు. "అయ్యా, దీన్ని వండుకోవడానికి కుండ కూడా రాజుగారే పంపుతారా?"

"ఆజ్ఞలో కుండ మాట లేదు తాతా," అన్నాడు లేఖకుడు.

"పోనీలే. కూర ఏం చేసుకోవాలో చెప్పు."

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి కూడా కొంత బలం కావాలి.

ఆ స్త్రీ చెయ్యి చాపింది. "నాది ఒకటి. నా చెల్లెలు పైడితల్లిది ఒకటి. లేవలేదు, ఇంటి దగ్గర ఉంది." లేఖకుడు పేరు రాసుకుని రెండు వేశాడు. ఆమె వాటిని కొంగున ముడివేసుకుంది. చివరి ఊరు ఇంకా ఒక రోజు నడక. బండిని అక్కడే వదిలి ఆమె ముందుకు నడిచింది. సంఖ్యలు చూపేవాడు ఎందుకో ఆమె వెంట వెళ్ళాడు.

ఇంటి గుమ్మంలో పక్కింటి ముసలమ్మ కూర్చుని ఉంది. ఆమె లేవలేదు. "మొన్న పొద్దుటిదాకా ఉందమ్మా. అక్క వచ్చిందా, వచ్చిందా అని అడుగుతూనే ఉంది," అంది.

ఆ స్త్రీ లోపలికి వెళ్ళి ఖాళీ మంచం చూసి బయటికి వచ్చింది. కొంగు ముడి విప్పింది. ఒక గింజ ముసలమ్మ చేతిలో పెట్టింది. రెండోది సంఖ్యలు చూపేవాడికి ఇచ్చింది.

"ఇది మీ లెక్కలోది. మీరు గుడ్డ మీద పోసినప్పుడు ఇది బతికే ఉంది, అందుకని అందులో పడలేదు. పట్టుకెళ్ళి కలపండి."

"మూడు లక్షల ఇరవై వేలలో ఒకటి కలిపితే కనిపించదమ్మా," అన్నాడతను. అన్న తరవాత తన మాట తనకే వినిపించింది.

"నాకు ఆ ఒకటే కనిపిస్తోంది బాబూ," అంది ఆమె.

అతను తిరిగి వచ్చేటప్పుడు దారిలో పంపకం ఇంకా సాగుతూనే ఉంది. సభలో రాజు అడిగాడు. "అందరికీ అందిందా?"

"పంచుతున్నారు, ప్రభూ. ఊపిరికో గింజ. రాత్రీ పగలూ పంచితే ఇరవై ఎనిమిది రోజులకు పూర్తవుతుంది. పంపకం కన్నా వాళ్ళే ముందు పూర్తయ్యేలా ఉన్నారు." అతను కంకణం తీసి మెట్టు మీద పెట్టాడు. వెనకటి తెల్ల గుడ్డ తెప్పించి పరిచి, పిడికిలి విప్పి, గింజను మధ్యలో ఉంచాడు. "ఇంకో సంఖ్య చూపించాలని తెచ్చాను."

"ఎంత?"

"ఒకటి. పైడితల్లి."

రాజు ముందుకు వంగాడు. కళ్ళు చిట్లించాడు. "ఏమీ కనిపించడం లేదే."

"కొంచెం దగ్గరికి రండి, ప్రభూ."

రాజు మెట్లు దిగి వచ్చాడు. గుడ్డ మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. ఆయన ఎప్పటిలాగే అబద్ధమాడలేదు. "లేదయ్యా. మరీ చిన్నది. నాకు కనిపించడం లేదు."

తనకు కనిపిస్తోందని మంత్రి అన్నాడు గాని, చూపించిన వేలు గుడ్డకు ఇంకో మూలకు పోయింది.

కొట్ల అధికారికి మాత్రం నిజంగానే కనిపించింది. గింజ ఎక్కడ పడినా అతని కంటికి ఆనుతుంది. వచ్చి, వంగి, రెండు వేళ్ళతో దాన్ని తీశాడు. ఖాళీ కుంచంలో వేశాడు. లోపలికి వచ్చే గింజ కనుక కర్ర తీయలేదు.

"లాభం," అన్నాడు అలవాటు కొద్దీ.

రెండోది ఎవరు తెస్తారా అని సభ వైపు చూశాడు.