కనుమలో ఎదురుపడిన పల్లకీ

ఎవురు వెనక్కి పోవాలనా? వట్టిచేతులోళ్ళేనమ్మా. ఆ పాత కనుమ అంత ఇరుకు మరి, ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. బరువు మోసేవాళ్ళకే దారి, అది బేరగాళ్ళందరి కట్టుబాటు. ఒకనాడు ఈరక్కనే ముసలామె ఉప్పు గాడిదల్ని తోలుకొస్తావుంటే, అమల్దారు పల్లకీ ఎదురొచ్చింది.

"గాడిదల్ని తిప్పు ముసలీ!" అని పల్లకీలోంచి కేక.

"తిప్పితే లోయలో పడతాయి దొరా. బరువుకే కదా దారి?"

"నేను బరువు కాదా? నలుగురు మోస్తావుండారు!" అని మీసం దువ్వినాడు అమల్దారు.

"బరువే సామీ, కాదనను. అయితే బరువు మాట్లాడకూడదు. నా ఉప్పు నోరెత్తిందా? మోసేవాళ్ళు చెప్పాల. ఏం నాయనా, ఏమంటారు?" అని బోయీల్ని అడిగింది.

బోయీలు ఒకరి మొకాలొకరు చూసుకుని, పల్లకీ మెల్లగా కిందికి దించినారు.

"మా మీద బరువేం లేదవ్వా, మేమే వెనక్కి పోతాం," అన్నాడు పెద్దోడు.

అమల్దారు దిగి, వట్టి పల్లకీ వెనకాల తలొంచుకుని నడిచినాడు. బోయీల భుజాల మీద కాసిన కాయలు అప్పుడే చూసినాడు. పిలిచి ఏదన్నా చెబుదామంటే, ఇన్నేండ్లలో ఒక్కడి పేరూ అడిగిన పాపాన పోలేదు.

తెల్లారేసరికి బోయీలు నలుగురూ లేరు, పల్లకీ వదిలేసి పోయినారు.