కెంపుకోట తెల్లచెంగు తల్లి

కెంపుకోట ఉత్తరపు వాకిలి దగ్గర బస్సు దిగిన యాత్రికులకు ముందుగా కనపడేది గోపురం కాదు, జనం. మిరియాల బజారు, కంసాలి వీధి, అద్దకపు వీధి మూడూ వచ్చి అక్కడే కలుస్తాయి. కోటగోడ చాలాచోట్ల పడిపోయింది కానీ వాకిలి మాత్రం చెక్కు చెదరలేదు. దానికి కుడిపక్కన నాలుగు మెట్లు దిగితే తల్లి గుడి. గుడి చిన్నది, ముందున్న బావి పెద్దది. తల్లి రెండు పిడికిళ్ళూ బిగించి ముందుకు చాచి ఉంటుంది. ఒంటిమీద ఎర్రచీర. చెంగు మాత్రం జానెడు మేర తెల్లగా ఉంటుంది. రంగు చాలక వదిలేశారా అని కొత్తవాళ్ళు అడుగుతూ ఉంటారు. చాలక కాదు, వదలవలసి వచ్చి వదిలారు.

పూర్వం ఇక్కడ కోటగోడను ఆనుకుని ఏరు పారేది. ఆ నీటిలో ఉడికించి ఉతికిన ఎర్రబట్ట చిరిగిపోయేదాకా రంగు పోయేది కాదు. ఆ ఎరుపు కోసమే సముద్రం దాటి వర్తకులు వచ్చేవారు. ఒక ఏడు పెద్ద వరద వచ్చింది. వరద తీసేసరికి ఏరు రెండు కోసుల అవతలికి జరిగి, అక్కడే పారసాగింది. ఇక్కడ ఇసుక మిగిలింది. అద్దకపు వీధిలో ఏ బట్ట తీసినా ఎరుపు రాలేదు, ఇటుకపొడి రంగు వచ్చింది. వర్తకులు ముఖం చాటేశారు. అప్పుడు ఊరి పాలకుడు బొప్పనాయుడు ఊరినే లేపి కొత్త ఏటి ఒడ్డుకు తరలించాలని నిశ్చయించి, ఎనిమిదో రోజుకు ముహూర్తం పెట్టించాడు.

ఊరంతా సరేనన్నది. అద్దకపు వీధిలో పేరమ్మ అనే వితంతువు మాత్రం కాదన్నది. ఆమె చేతులు మణికట్ల దాకా ఎర్రగా ఉండేవి. నలభై ఏళ్ళ రంగు అది. ఆమె కొలువుకు వెళ్ళి నిలబడింది.

"ఊళ్ళోనే నీళ్ళు దొరుకుతాయి దొరా. నాకు ఈ ఎనిమిది రోజులూ ఇప్పించండి."

"దొరికాయని రేపు నువ్వొక పాత ఎర్రబట్ట తెచ్చి చూపిస్తే?" అన్నాడు బొప్పనాయుడు.

"తమరే గుర్తు పెట్టండి."

ఆమె సంచిలోంచి ఒక బట్ట తీసింది. కరక్కాయ నీళ్ళలో, గేదెపాలలో నానబెట్టి, ఆరబెట్టి, పటిక పట్టించిన బట్ట అది. ఇక ఎరుపునిచ్చే చిరివేరుతో కలిపి ఉడికించడమే తరువాయి. పాలకుడు దాని చెంగు మీద లక్క కరిగించి తన ముద్ర వేశాడు. "ఈ ముద్రతో, ఈ బట్ట, ఎర్రగా నా ముందుకు రావాలి. రాకపోతే నువ్వూ అందరితోపాటు బండెక్కాలి" అన్నాడు.

పేరమ్మ ఆ బట్టను దాచి, అలాగే సిద్ధం చేసిన వేరే పీలికలతో ఊరి బావులు పరీక్ష చేసింది. రోజుకొక బావి. తియ్యటి నీరున్న బావులన్నీ వరసగా చూసింది, ఎందుకంటే తాగడానికి మంచివైన నీళ్ళే రంగుకూ మంచివని అద్దకపువాళ్ళ నమ్మకం. ఏడు బావులూ ఏడు పీలికలూ అయ్యాయి. ఏడింటికీ మట్టిరంగే.

ఎనిమిదో రోజు పొద్దున్నే రెండు వందల బండ్లు వరసకట్టి ఉత్తరపు వాకిలి దాటసాగాయి. అన్నిటికంటే ముందు పాలకుడి బండ్లు, చివరన అద్దకపు వీధివి. పేరమ్మ మరిది కోటయ్య రాగికాగు బండెక్కించి, వాకిలి పక్కన నీడలో చతికిలబడ్డ ఆమె దగ్గరికి వచ్చాడు.

"వదినా, కాగు ఎక్కింది. నిన్ను కూడా నేనే ఎత్తి పెట్టాలా?"

"నీ నడుం అంత గట్టిదయితే ఎత్తు, చూద్దాం."

కోటయ్య నవ్వి ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు. వారం రోజులుగా కంటిమీద కునుకు లేని పేరమ్మకు ఆ మిట్టమధ్యాహ్నం కన్ను మూతపడింది. కలలో ఒక ముసలావిడ కనపడింది. ఆమె ఒళ్ళంతా గుల్లసున్నం పేరుకుని తెల్లగా ఉంది. "ఏడిళ్ళు తిరిగావు, నా ఇంటికి రాలేదేం? చవిటిదాన్నని చిన్నచూపా?" అని అడిగి, చెయ్యి చాచింది.

పేరమ్మ ఉలిక్కిపడి లేచింది. ఆమె ఆనుకుని కూర్చున్నదే చవిటిబావి గట్టు! ఒకప్పుడు సున్నం కాల్చేవాళ్ళు ఆ చుట్టుపక్కల గుల్లలు పోసేవారు, ఆ సున్నమంతా ఊటలోకి దిగింది. ఆ నీళ్ళు మనుషులే కాదు, పశువులు కూడా ముట్టవు. ఏ అద్దకపు మనిషీ అందులో బిందె ముంచిన పాపాన పోలేదు.

"కోటయ్యా, కాగు దించు."

"ఇప్పుడే కదా ఎక్కించాను!"

"ఎక్కించినవాడివే దించు."

తిట్టుకుంటూనే దించాడు. తిట్టుకుంటూనే చేద వేశాడు. మూడో చేద దేనికో తగిలి ఖంగున మోగింది. కానీ చూసే తీరిక ఎవరికుంది? పీలికతో పరీక్ష చేసే వ్యవధి లేదు. కాగు నింపి, మంట పెట్టి, చిరివేరు వేసి, పేరమ్మ తను దాచిన ముద్రబట్టనే అందులోకి దించింది. అప్పుడు తెలిసింది చిక్కు. వేడినీళ్ళు తగిలితే లక్క కరుగుతుంది. ముద్ర పోతే బట్టకు సాక్ష్యం లేదు.

ఆమె చెంగును రెండు పిడికిళ్ళలో బిగించి, కాగుకు జానెడు ఎత్తున పట్టుకుని నిలబడింది. కాగు కుతకుతలాడింది. ఆవిరి ముంజేతులను కమిలించింది. కోటయ్య తడిగుడ్డతో ఆమె చేతులు తుడుస్తూ, "నాకివ్వు వదినా, కాసేపు" అన్నాడు. "నీకు తుమ్ములెక్కువ, మంట చూసుకో" అన్నదామె. బండ్లు ఒక్కొక్కటే వాకిలి దాటుతున్నాయి. వడ్రంగులు తలుపులు ఊడదీయడానికి నిచ్చెన వేశారు. అంతలో అద్దకపు వీధి బండ్లు కదలలేదన్న కబురు అంది, బొప్పనాయుడు గుర్రం మీద వెనక్కి వచ్చాడు.

పేరమ్మ బట్టను పైకి లాగింది.

ఎరుపు! అప్పుడే విరిసిన మోదుగుపువ్వు లాంటి ఎరుపు! బండ్ల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. పాలకుడు గుర్రం దిగి, ముద్ర చూశాడు. ఎక్కడా చిట్లలేదు. బట్టను మూడుసార్లు ఉతికించాడు. అప్పటికీ నమ్మక, తన తెల్లటి తలపాగా విప్పి, దానితో తడిబట్టను గట్టిగా రుద్దాడు. తలపాగాకు రవ్వంత మరక కూడా అంటలేదు.

"బండ్లు వెనక్కి తిప్పండి" అన్నాడు.

తిప్పడానికి దారిలో చోటెక్కడిది? గట్టుదారిలో రెండు వందల బండ్లు ఇరుక్కుని ఉన్నాయి. కాబట్టి వెనకబండి ముందుబండి అయింది. అద్దకపు వీధి బండ్లు కదిలి కంసాలులకు దారి ఇచ్చాయి. అందరూ లోపలికి వచ్చాక, చిట్టచివర పాలకుడి సామాను వచ్చింది.

మర్నాడు బావి తోడిస్తే చేద తగిలిన రాయి బయటపడింది. పిడికిళ్ళు చాచిన తల్లి విగ్రహం అది. పేరమ్మ ఆ బట్టనే తల్లికి చీరగా కట్టింది. ముద్ర తీయించి తెలుపు మీద కూడా రంగు వేయిస్తానన్నాడు పాలకుడు. "వద్దు దొరా. ఎరుపును తమరు నమ్మింది ఈ తెలుపు వల్లనే" అన్నదామె.

నేటికీ చైత్రమాసంలో, బండ్లు వెనక్కి తిరిగిన ఆ రోజున కెంపుకోట జనమంతా సామానుతో ఊరు దాటి, మిట్టమధ్యాహ్నం తిరిగి వస్తారు. రోలు, ఫ్యాను, గ్యాసుబండ, ఎవరు మోయగలిగింది వారు మోస్తారు. వెనకవాడు ముందు రావాలి. పురపాలక సంఘం అధ్యక్షుడైనా అందరూ వచ్చేదాకా ఎండలో ఆగవలసిందే. బదిలీ అయినవారు, ఇల్లు ఖాళీ చేయవలసినవారు ఆనాడు తల్లిని కొలిస్తే ఉన్నచోట వేళ్ళూనుకుంటారని, కొత్తగా వచ్చినవారిని ఊరు తనవాళ్ళుగా కలుపుకుంటుందని ఇక్కడివారి విశ్వాసం.

అద్దకపు వీధి ఆడవాళ్ళు మాత్రం ఆ రోజు ఊరు దాటరు. పేరమ్మ దాటలేదు కనుక. వాళ్ళు వాకిలి దగ్గర ఎర్రటి చేతులతో నిలబడి, లోపలికి వచ్చే ప్రతి మనిషినీ "వచ్చారా?" అని అడుగుతారు. ఏ ఊరివారైనా సరే, "వచ్చాం" అని చెప్పి లోపలికి రావాలి.