సుంకమ్మ చేతికి అందిన తుపాకి

సుంకమ్మ చేతుల్లో తుపాకి నిలవడం లేదు.

అది ఆమె తండ్రి తిమ్మప్పది. పొడుగు గొట్టం, బరువైన కట్టె. నేలమీద నిలబెడితే ఆమె నుదురు దాటేది. గొట్టంలో మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలంటే ఆమె ఒక రాయి ఎక్కి నిలబడాల్సి వచ్చేది. ఎత్తి గురి పెట్టగానే కొస కిందికి వాలేది. వాలకుండా ఉండాలని నడుము వెనక్కి వంచేది. మీట నొక్కితే భుజం మీద ఎద్దు కుమ్మినట్టు ఉండేది. గుండు ఎటు పోయిందో ఆమెకు ఎప్పుడూ తెలిసేది కాదు. పేలే క్షణానికి కళ్ళు మూసుకుపోయేవి.

తిమ్మప్ప బతికినన్నాళ్ళూ నల్లమల అంచున ఎర్రకనుమకు కావలి కాశాడు. దారిన పోయే వర్తకులు అతన్ని చూసి ధైర్యంగా కొండ దాటేవాళ్ళు. ఆ కొలువుకు పాలెగాడు ఇచ్చిన మాన్యం మీదే ఇల్లు నడిచేది. వానాకాలంలో చలిజ్వరం వచ్చి తిమ్మప్ప పోయాడు. మగపిల్లలు లేరు. పెద్దది సుంకమ్మ, తర్వాత ఇద్దరు చెల్లెళ్ళు. ఇంట్లో ఒకరు కనుమలో నిలబడగలిగితే మాన్యం వాళ్ళకే ఉంటుందని, లేకపోతే కావలితో పాటు చేను కూడా వేరే ఇంటికి పోతుందని పాలెగాడు కబురు చేశాడు. జాతర నాడు అందరి ముందూ బండ మీద పెట్టిన కుండను తుపాకితో కొట్టాలి. అదీ షరతు.

అందుకని సుంకమ్మ దర్గా గుట్ట మీది దస్తగిరి సాహెబు దగ్గర చేరింది. ఆయన వయసులో ఉన్నప్పుడు నవాబు ఫౌజులో గురికి పేరు మోసినవాడు. తర్వాత అన్నీ వదిలేసి ఆ గుట్టెక్కి, పొద్దున్నే దర్గా వాకిలి ఊడ్చి, ఊదు వేసి, మిగిలిన పొద్దంతా కనుమ కావలివాళ్ళకు తుపాకి నేర్పుతూ ఉండిపోయాడు. ఉస్తాదు నోటి మాట కంటే ఆయన తుపాకి మోతే ఎక్కువసార్లు వినబడుతుందని ఊళ్ళో అనుకునేవాళ్ళు.

తోటి శిష్యుడు నరసింగప్ప భారీ మనిషి, మనసు మంచిది. సుంకమ్మ అవస్థ చూసి, రాగి సంగటి బాగా తినమని, రోజూ ఒక రాయి మోసుకుంటూ గుట్ట ఎక్కమని సలహా ఇచ్చాడు. ఆమె అలాగే చేసింది. తిండి పెరిగింది, రాయి బరువు పెరిగింది, గురి మాత్రం కుదరలేదు. భుజం కమిలి నల్లబడింది. అది తల్లికి కనబడకుండా పైట లాక్కునేది. జాతర దగ్గర పడుతున్నకొద్దీ ఇంట్లో చెల్లెళ్ళ ముఖం చూడడానికి కూడా ఆమెకు భయం వేసింది.

ఒక పొద్దున ఆమె రాయిని దర్గా వాకిట్లో దించి, రొప్పుతూ కూర్చుంది. ఎందుకు మోస్తున్నావని ఉస్తాదు అడిగాడు. ఆమె చెప్పింది.

"ఇంకెన్నాళ్ళు మోస్తే నాకు బలమొస్తుంది ఉస్తాదూ?"

ఆయన ఆ రాయిని తీసుకుపోయి, వాకిట్లో ఒక పక్కకు ఒరుగుతున్న నీళ్ళబానకు ఆనించాడు. బాన సరిగ్గా నిలబడింది. తర్వాత లోపల ఉన్న తుపాకులన్నీ తెచ్చి మంచం మీద పరవమని నరసింగప్పకు చెప్పాడు. అన్నీ ఖాళీవే. మందు ఏమీ లేదని ఒక్కొక్కటీ తనే చూసుకున్నాడు.

ముందు తిమ్మప్ప తుపాకి ఆమె చేతికిచ్చాడు. ఎదుటి బండ మీద రోజూ గురికి పెట్టే కుండ ఉంది.

"దాని దిక్కు తిరుగు. కండ్లు మూసుకో. నీకు ఎట్ల సులువైతే అట్ల ఎత్తి భుజానికి పెట్టుకో. ఇప్పుడు తెరువు. గొట్టం కొస ఏం చూస్తా ఉంది?"

"నేల," అంది సుంకమ్మ.

ఇంకొకటి ఇచ్చాడు. ఈసారి వాలనివ్వకూడదని ఆమె ముందే వెనక్కి వంగింది. కళ్ళు తెరిచేసరికి కొస ఆకాశం వైపు ఉంది. అలా ఒక్కొక్కటే ఎత్తి దించింది. ఒకటి చెంపకు ఆనలేదు. ఒకదాని కోసం మెడ సాచాల్సి వచ్చింది.

ఆఖరున మిగిలింది ఉస్తాదు సొంత తుపాకి. గుర్రం మీద తిరిగిన రోజుల్లో తనకోసం చేయించుకున్నది. గొట్టం పొట్టి, సన్నం. గుండు మెలి తిరుగుతూ సూటిగా పోయేలా గొట్టం లోపల గాడులు తీసి ఉన్నాయి. దాన్ని ఇంకెవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. ఆయన తనే తీసి ఆమె చేతిలో పెట్టాడు.

సుంకమ్మ కళ్ళు మూసుకుని ఎత్తింది. తెరిచింది.

"కుండ," అంది.

ఉస్తాదు దగ్గరికొచ్చి చూశాడు. తుపాకి మడమను, భుజానికి ఆనే ఆ కట్టె కొసను, ఆమె మోచేతి మడతలో ఆనించి, చెయ్యి చాపమన్నాడు. వేలు మీట దాకా రాలేదు. ఆయన లోపలికి వెళ్ళి రంపం తెచ్చాడు.

నరసింగప్ప కంగారుగా అడ్డం వచ్చాడు. "ఉస్తాదూ, అది మీ తుపాకి. కోస్తే మళ్ళా అతకదు."

"అతకదు," అన్నాడు ఉస్తాదు. సుంకమ్మ వైపు తిరిగి, "కదలకుండా పట్టుకో," అన్నాడు.

ఆమె వద్దని చెప్పబోయింది. ఆయన అప్పటికే మడమ మీద రంపం ఆడించడం మొదలుపెట్టాడు. కట్టె పొట్టు ఆమె పాదాల మీద పడింది. కోసిన చోట గరుకు రాయితో రుద్దాడు. మేకతోలు మడిచి భుజానికి ఆనే వైపు కట్టాడు. మళ్ళీ మోచేతి మడతలో పెట్టి చూస్తే వేలు చక్కగా మీట మీద వాలింది.

సుంకమ్మ తన తండ్రి వాడిన కొలత ప్రకారం చిన్న గిన్నెలోకి మందు తీసింది. ఉస్తాదు ఆ గిన్నె తీసుకుని సగం తిరిగి మందు దాచే కొమ్ములో పోసేశాడు. తేలిక తుపాకికి అంత మందు పెడితే ఉన్న భుజం కూడా పోతుందన్నాడు. ఇంత కొంచెంతో గుండు అంతదూరం పోతుందా అని ఆమె సందేహపడింది.

"పగలాల్సింది కుండ, బిడ్డా. కొండ కాదు."

ఆమె నేలమీదే నిలబడి దట్టించింది. ఎత్తింది. కాల్చింది. కుండ పగల్లేదు. దాని పక్కనే బండ మీద దుమ్ము లేచింది. ఆ దుమ్ము ఆమెకు కనబడింది. ఇన్ని రోజుల్లో తన గుండు ఎక్కడ తగిలిందో ఆమె చూడడం అదే మొదలు. తుపాకిని జాగ్రత్తగా మంచం మీద పెట్టి, కింద కూర్చుని, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని నరసింగప్ప నీళ్ళు తెచ్చాడు. చూస్తే నవ్వుతోంది.

ఆ రోజు నుంచి ఆమె రోజూ దానితోనే కుండకు గురి పెట్టింది. జాతర నాడు జనంలో ఎవరో అది చిలకలు తోలే తుపాకి అన్నారు. కొందరు నవ్వారు. పాలెగాడు తుపాకి చూసి, తిమ్మప్పది ఏమైందని అడిగాడు.

"మా నాయన తుపాకి మా నాయనకు సరిపోయింది దొరా," అంది సుంకమ్మ.

కనుమలో నిలిచేది మనిషి కదా, తుపాకి కాదు కదా అనుకుని పాలెగాడు కొట్టమన్నట్టు చెయ్యి ఊపాడు.

కుండ నిండా నీళ్ళు పోసి పెట్టారు. తుపాకి మోగింది. పొగ తేలిపోయేసరికి బండ మీద పెంకులున్నాయి, నీళ్ళు ధారగా కిందికి జారుతున్నాయి. జనం వెనక నిలబడిన తల్లి నిలబడ్డచోటే కూలబడింది. చిన్నచెల్లెలు లేపబోతే, "ఉండు, కాసేపు ఇట్లే కూర్చోనీ," అంది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో అందరూ కలిసి కడుపునిండా తిన్నారు.

మర్నాడు పొద్దున కనుమకు పోయేముందు సుంకమ్మ గుట్ట ఎక్కింది. తుపాకిని తుడిచి, నూనె రాసి, గుడ్డలో చుట్టి తెచ్చింది. పరీక్ష అయిపోయింది కాబట్టి ఉస్తాదు సొత్తు ఉస్తాదుకు ఇచ్చేయాలని, తనకు ఇలాంటిదే ఇంకొకటి ఎక్కడైనా చేయించుకుంటానని చెప్పింది.

దస్తగిరి సాహెబు చీపురు పక్కన పెట్టి తుపాకి అందుకున్నాడు. ఎదుటి బండ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, భుజానికి ఎత్తాడు. మడమ పొట్టిదైంది. మోచెయ్యి పక్కటెముకలకు తగిలింది, తల బాగా వంగిపోయింది. ఆయన కళ్ళు తెరిచాడు.

"ఏం కనపడతా ఉంది ఉస్తాదూ?" అని అడిగింది సుంకమ్మ మెల్లగా.

"నా మోకాళ్ళు," అన్నాడు ఆయన. తుపాకిని ఆమె చేతుల్లో పెట్టి, మళ్ళీ చీపురు తీసుకున్నాడు. "పో, ఎండ ముదరకముందే కనుమ చేరుకో."