బోర్లించిన బాణలి

ఇటు తిరిగి పడుకోవే మిన్నీ. పప్పులో పోపు లేదని ఇందాక మూరెడు మూతి పెట్టావు కదా, ఆ మూతి కాస్త లోపలికి లాక్కో. దోమ వాలుతుంది. నీ పోపు ఎక్కడికి పోయిందో చెప్తాను. ఊఁ కొడతావా? కొట్టకపోతే నేనే నిద్రపోతాను, నీ ఇష్టం.

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక ఇరుకు వీధి. ఆ వీధిలో తాయారని ఒక పిల్ల. ఏడేళ్ళది. నీలాగే తిండిపోతు, నీలాగే మొండిది. ఒక వేసవిలో దానికి ఆటలమ్మ పోసింది. ఒళ్ళంతా పొక్కులే. ముక్కు మీద కూడా ఒకటి. దాన్ని గోకింది, గుంట పడింది. ఏయ్, నా ముక్కు వైపు చూడకు, కథ వైపు చూడు.

ఆ రోజుల్లో ఇంట్లో ఆటలమ్మ ఉంటే పోపు వేసేవారు కాదు. ఆ ఘాటు అమ్మవారికి పడదనేవారు. ఇప్పుడు డాక్టర్లు నవ్వుతారనుకో, నవ్వనీ. తాయారు వాళ్ళమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి, పోపుల డబ్బా అటక మీద పెట్టేసింది. సరే, సొంత ఇంట్లో మానేశారు. మరి పక్కింటి పోపు మాటేమిటి? ఇరుకు వీధాయె! ఒకరింట్లో పిల్లాడు తుమ్మితే మూడిళ్ళవాళ్ళు ‘చిరంజీవ’ అనేవారు.

అప్పుడేమైందో తెలుసా? ఎవరూ అడక్కుండానే ఎడమ పక్కింటివాళ్ళు అప్పడాలు వేయించడం మానేశారు. ఆ తర్వాత ఎదురింటివాళ్ళు. ఆ వారమే వాళ్ళమ్మాయికి పెళ్ళిచూపులు. అయినా వచ్చినవాళ్ళకి ఉప్మా లేదు, గారెలు లేవు. అరటిపళ్ళు చేతిలో పెట్టి పంపారు. పెళ్ళికొడుకు ముఖం అరటితొక్కలా వేలాడిందట.

ఆ తర్వాత కుడి పక్కింటి పైడమ్మ. మిరపకాయ బజ్జీల పైడమ్మ. సాయంత్రం ఆమె బాణలి కాగితేనే రాత్రికి ఆమె ఇంట్లో అన్నం ఉడికేది. అలాంటి పైడమ్మ పొయ్యిలో చెంబుడు నీళ్ళు పోసి, బాణలి బోర్లించేసింది. తొమ్మిది రోజులు గంజి తాగి పడుకుంది. బోర్లించిన బాణలి మీద వాళ్ళ కోడిపెట్ట ఎక్కి కూర్చునేది, సింహాసనం మీద రాణిగారిలాగా. తాయారు కిటికీలోంచి చూసి నవ్వేది. నవ్వితే పొక్కులు లాగేవి. లాగితే ఏడ్చేది.

మధ్యాహ్నాలు పైడమ్మ కిటికీ బయట కూర్చుని, ఊచల్లోంచి వేపమండతో విసిరేది. “ఒసే పిల్లా, గోక్కున్నావంటే నీ వేళ్ళు శెనగపిండిలో ముంచి బజ్జీలు వేసేస్తాను” అని బెదిరించేది.

ఒకరోజు తాయారు అంది. “పైడమ్మత్తా, నేను పెద్దయ్యాక మీ ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే నేనూ మా పొయ్యి ఆర్పేస్తాను. ఒట్టు.”

“ఓసి నీ నోట్లో వేపాకు! ఉపకారం చెయ్యడానికి ముందు మా ఇంటికి ఆటలమ్మని పిలుస్తావా?” అని పైడమ్మ పడీ పడీ నవ్వింది.

తాయారుకి తగ్గింది. పెద్దదైంది. పెళ్ళైంది. పెళ్ళయ్యాకా ఆ ఇంట్లోనే కాపురం. అప్పుడు పైడమ్మ మనవడికి ఆటలమ్మ పోసింది. పైడమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. తాయారు చూసింది.

కానీ ఆ రోజే తాయారు అత్తగారు మొదటిసారి భోజనానికి వస్తోంది. ‘కోడలి పులిహోర ఎలా ఉంటుందో చూస్తా’నని ముందే కబురు పెట్టింది. పోపు లేని పులిహోర ఎక్కడైనా ఉంటుందా?

“అయితే ఒట్టు మర్చిపోయిందా అమ్మమ్మా?”

మర్చిపోయి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది తల్లీ. గుర్తుంది. గుర్తుండే, ‘ఒక్కపూటే కదా’ అనుకుంది. తలుపులు మూసింది. కిటికీలు మూసింది. సందుల్లో పాత చీర కుక్కింది. అప్పుడు నూనెలో ఆవాలు వేసింది, ఎండుమిరపకాయలు వేసింది, ఇంగువ వేసింది. ఇంగువకి తలుపులొక లెక్కా!

ఆ తర్వాత అరిటాకులు కడగడానికి పెరట్లోకి వచ్చింది. గోడవతల పైడమ్మ నిలబడి ఉంది. తిడుతుందనుకుంది తాయారు. తిడితే ఎంత బాగుండేది!

“చుట్టాలొచ్చారాండీ?” అంది పైడమ్మ.

అంతే. లోపలికి వెళ్ళిపోయింది. ‘ఒసే పిల్లా’ అనే మనిషి, ‘అండీ’ అంది.

అత్తగారు పులిహోర మారు వడ్డించుకుంది. తాయారు నోట్లో మాత్రం అది వేపచిగురులా తిరిగింది. పైడమ్మ మనవడికి పదో రోజుకి తగ్గిపోయింది. పోపు వాడికి తగల్లేదు. వాళ్ళ నాయనమ్మకి తగిలింది.

అప్పుడు తాయారు ఆ మనవడికి చలివిడి చేసి పట్టుకెళ్ళింది. “మీకెందుకండీ శ్రమ” అంది పైడమ్మ. గిన్నె తీసుకుని, కడిగి ఇచ్చేసింది.

ఆ తర్వాత తాయారు తన బాణలి గోడ మీద, అందరికీ కనిపించేలా బోర్లించింది. తొమ్మిది రోజులు. “మావాడికి తగ్గిపోయిందండీ, మీరు తినండమ్మా” అంది పైడమ్మ. ఈసారి బాణలి మీద కోడి కూడా ఎక్కలేదు.

ఏళ్ళు గడిచాయి. పైడమ్మ మంచం పట్టింది. తాయారు రోజూ వెళ్ళి గంజి తాగించింది, తల దువ్వింది, పక్కన కూర్చుని విసిరింది. నలభై రోజులు. ఒక్కసారి ‘ఒసే పిల్లా’ అంటుందేమోనని పైడమ్మ పెదాల వైపే చూసేది. ఆఖరి రోజున పైడమ్మ దాని చెయ్యి పట్టుకుంది.

“మీ చెయ్యి చల్లగా ఉందండీ” అంది.

అదే ఆమె ఆఖరి మాట.

అప్పటినుంచి ఎక్కడ ఏ పిల్లకి ఆటలమ్మ పోసినా మొదట బోర్లా పడేది తాయారు బాణలే. విసనకర్ర పట్టుకుని బయల్దేరేదీ తాయారే. ఎంత మంచిదో అంటారు అందరూ. మంచీ లేదు, మామిడికాయా లేదు. ఇవ్వాల్సినచోట ఇవ్వలేక, కనిపించినచోటల్లా ఇస్తూ తిరుగుతోంది.

నిన్న కింద వాటాలో కీర్తనకి పొక్కులు కనిపించాయి. తెలిసిందా నీ పోపు ఎక్కడికి పోయిందో?

“రేపు కూడా చప్పటి పప్పేనా?”

తొమ్మిది రోజులు.

“పోనీలే అమ్మమ్మా, తింటాలే. నేనైతే ఆ తాయారులా ఎప్పటికీ చెయ్యను. ఒట్టు!”

ఊఁ. ఏడేళ్ళప్పుడు తాయారు కూడా అచ్చం ఇలాగే అంది. ఆ చెయ్యి దింపి కళ్ళు మూసుకో.

కథేమో కంచికి, కునుకేమో కంటికి,
పోపేమో అటక్కి, ఆ ‘అండీ’ మా ఇంటికి.